అమ్మ పేరు మింగిన చిలక

అనగా అనగా, ఎన్నేళ్ళ కిందటని మాత్రం అడక్కండి, లెక్కల్లో నేను మొదట్నించీ మొద్దునే, ఒక రాజు ఉండేవాడు. ఆయన పేరు మణిమంతుడు. రాణి పేరు హేలావతి. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు, కత్తిసాములో గట్టివాడు. నడిపివాడు వజ్రకేతుడు, గుర్రపుస్వారీలో గట్టివాడు. మూడోవాడు తిండిలో గట్టివాడు. వాడికి పుట్టినప్పుడు పెట్టిన పేరు నాకు తెలీదు. కథ చెప్పేవాడికి కథానాయకుడి పేరే తెలీదా అని నవ్వకండి. లోకంలో ఎవరికీ తెలీదు. ఎందుకు తెలీదో చెప్పడానికే ఈ కథ. అందాకా చిన్నోడు అనుకుందాం.

చిన్నోడికి ఎనిమిదేళ్ళు వచ్చినా అక్షరం ముక్క రాలేదు. గంటం పట్టుకోమంటే వేలు నొప్పి, తాటాకు చూపిస్తే కళ్ళ నొప్పి, పంతులుగారు కనబడితే కడుపు నొప్పి. నా చదువూ అలాంటిదే, కాకపోతే నన్ను మా పంతులు తొందరగానే వదిలేశాడు. చిన్నోణ్ణి రాణి వదల్లేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "నా పేరొక్కటి రాయి నాన్నా. అక్షరానికో సున్నుండ" అంది. పేరులో ఉన్నవి నాలుగే అక్షరాలు. నాలుగు సున్నుండలకు ఆశపడి చిన్నోడు మూడు నెలలు దిద్దాడు.

నాలుగో అక్షరం గీసి తలెత్తిన రోజునే, అంతఃపురం వాకిట్లోకి ఒక గాజులవాడు వచ్చాడు. గాజుల మలారం దించి రాణి చెయ్యి అందుకున్నాడు.

"ఎంత సన్నటి చెయ్యి తల్లీ! నీ పేరేమిటమ్మా?"

"హేలావతి."

వాడు నోరు తెరిచి, మంచినీళ్ళు తాగినట్టు గుటక వేశాడు. అంతే. గాజులవాడు లేడు, రాణీ లేదు. నేలమీద గాజు ముక్కలు మాత్రం ఉన్నాయి.

చిన్నోడు ఏడుస్తూ తండ్రి దగ్గరికి పరుగెత్తాడు.

"నాన్నగారూ, అమ్మని ఎత్తుకుపోయాడు!"

"ఎవరి అమ్మనిరా?"

"మా అమ్మని! రాణీగారిని!"

రాజు బుర్ర గోక్కున్నాడు. "నాకు పెళ్ళే కాలేదు కదరా."

"మరి మేం ముగ్గురం ఎక్కణ్ణించి వచ్చాం?"

"నేనూ అదే ఆలోచిస్తుంటాను. ఎవర్నయినా అడుగుదామంటే మొహమాటం."

అన్నలిద్దరూ పడీపడీ నవ్వారు. "తిండెక్కువై కల కన్నాడు లెండి" అన్నాడు జయకేతుడు. "కలలో అమ్మేంట్రా, లడ్డూ రావాలి గానీ" అన్నాడు వజ్రకేతుడు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నిజంగానే మర్చిపోయారు.

మర్నాడు పొద్దున్న చిన్నోడికీ ఏమీ గుర్తు లేదు. చేతికింద తాటాకు తగిలి, దానిమీది నాలుగక్షరాలు కూడబలుక్కున్నాక అమ్మ తిరిగొచ్చింది. కానీ మొత్తం రాలేదు. గొంతు రాలేదు. ఎంత చెవి ఒగ్గినా ఆమె గొంతు ఎలా ఉండేదో తెలియలేదు.

వాడు గంటం పట్టుకుని పంతులుగారింటికి పరుగెత్తాడు.

"పంతులుగారూ, మిగతా అక్షరాలన్నీ కావాలండీ."

"ఏం కొంపలు మునిగాయిరా?"

"మా అమ్మ గొంతు పోయిందండీ. ఇవాళ ఇంకోటి పోతుంది. పోయేలోగా రాసేసుకోవాలి."

పంతులుగారికి ముక్క అర్థం కాలేదు. అయినా దిద్దబెట్టాడు. మొదటి రోజు అక్షరాలు వచ్చాయి, అమ్మ నవ్వు పోయింది. రెండో రోజు గుణింతాలు వచ్చాయి, అమ్మ జుట్టు వాసన పోయింది. మూడో రోజు ఒత్తులు వచ్చాయి. ఇక చిన్నోడు ఆగలేదు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు. పచ్చి చింతకాయ ఉప్పులో అద్దుకుని తినడం. కోపం వస్తే అరవకుండా "సరే పోనీ" అని రెండుసార్లు అనడం. తనకు సున్నుండల ఆశ పెట్టి దిద్దించడం, గాజులవాడు రావడం, మిగిలిందంతా గీసేశాడు.

తాటాకు మీద గంటంతో గీసింది కంటికి ఆనదు. వేలితో తడిమితే మాత్రం తెలుస్తుంది. పంతులుగారు చూపించినట్టు చిన్నోడు దానిమీద మసి రుద్ది తుడిచాడు. ఒక్కో అక్షరం నల్లగా తేలింది. మర్నాడు చూసుకుంటే, రాసింది మనసులో ఉంది, రాయంది లేదు.

ఆకుల కట్ట, గంటం మూటగట్టుకుని వాడు తల్లిని వెతుకుతూ సముద్రం దాకా నడిచాడు. ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. వాడు దాన్ని తిరగేశాడు.

"బతికించావు నాయనా. ఎక్కడికి?"

"పేర్లు మింగేవాడి దగ్గరికి."

"గుటకనాథుడా!" అంది తాబేలు. "ఏడు సముద్రాల అవతల ఉంటాడు. నా పేరూ వాడే మింగాడు. పనిలో నెమ్మదని తరిమేశాడు. వాడి ప్రాణం వంటశాలలో వేలాడే చిలకలో ఉంది. మింగిన పేర్లూ దాని గొంతులోనే ఉన్నాయి. ఎక్కు."

తాబేలు ఏడు సముద్రాలూ ఈదింది. ఎన్నాళ్ళు పట్టిందో చెప్పను. చెప్పాను కదా, లెక్కలు రావని.

గుటకనాథుడి వంటశాలలో మూడు వందల పన్నెండు మంది రుబ్బుతున్నారు, దంచుతున్నారు, ఊడుస్తున్నారు. పిలవడానికి పేర్లు లేవు, అందుకని తలెత్తరు. తలెత్తేవాళ్ళు లేరు కాబట్టి కావలి కూడా లేదు. తిరగలి దగ్గర, కనుబొమ్మ మీద గాటుతో ఒకామె ఉంది.

"హేలావతీ!" అని కేకేశాడు చిన్నోడు.

ఆమె తలెత్తింది. కళ్ళలోకి వెలుగొచ్చింది. "చిన్నోడా, ఎలా చిక్కిపో..."

పైన పంజరంలో చిలక గుటక వేసింది. ఆమె తల వాలిపోయింది. తిరగలి మళ్ళీ తిరిగింది.

"మీ అమ్మ పేరు రాసిపెట్టింది నువ్వేనా?" అంది చిలక దగ్గుతూ. "రాసిన పేరు సరిగా దిగి చావదు. అప్పట్నించీ గొంతులో ముల్లులా ఉంది."

"నీ మెడ విరిచేస్తే?"

"విరిచేయ్. మా అయ్యా చస్తాడు, నేనూ చస్తాను. మీ అమ్మ పేరు నీ దగ్గరుంది, బతుకుతుంది. మిగతా వాళ్ళ పేర్లు నాతోనే పోతాయి. వాళ్ళు ఎప్పటికీ ఇంతే."

చిన్నోడు చుట్టూ చూశాడు. వాళ్ళలోనూ ఎవరెవరి అమ్మలో ఉన్నారు.

"ఆ పేర్లన్నీ ఒక్కసారి చెప్తావా?"

"చెప్తాను. ఊరికే కాదు, నీ పేరివ్వు. ఎక్కడా రాయని పేరయితేనే. మళ్ళీ ముల్లు గుచ్చుకుంటే నా వల్ల కాదు."

చిన్నోడు మూటలోని ఆకులన్నీ తలచుకున్నాడు. అన్నిటా అమ్మే. తన పేరు ఒక్కచోటా రాసుకోలేదు. తనెందుకు గుర్తుండడూ అనుకున్నాడు పాపం.

ఒక ఆకు తీసి వాడు మూడు మాటలు గీశాడు: విన్నది రాయి. చిలక మెడ విరువు. మసి రుద్ది పైకి చదువు. ఆ తర్వాత తన పేరు చెప్పేశాడు. చిలక మింగేసింది.

ఇక వాడికి తనెవరో తెలియదు. తల వాలింది. చేతిలో ఏదో ఆకు ఉంది. వేలు దానిమీద జరిగింది, గీతలు తగిలాయి. విన్నది రాయి. ఎందుకో తెలీకుండానే రాయడం మొదలుపెట్టాడు. చిలక గొప్పలు పోతూ పేర్లు చదువుతోంది, వాడు గీస్తున్నాడు. గుటకనాథుడు వచ్చి ఆకు లాక్కుని చూశాడు. ఏమీ కనబడలేదు.

"ఏం గీకుతున్నావురా?"

"తెలీదయ్యా."

"గీక్కో గీక్కో. ఆనక పాత్రలు తోము" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆఖరి పేరు అయింది, అప్పుడే మింగిన వాడి పేరొక్కటీ చిలక చెప్పలేదు. వేలు రెండో మాట మీదికి జరిగింది. వాడు పంజరంలో చెయ్యి పెట్టాడు. "నేనేం చేశాను నాయనా, మింగమంటే మింగాను" అంది చిలక. దాని మెడ చాలా వెచ్చగా ఉంది. పిల్లలకు ఇది చెప్పకూడదంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అటు వసారాలో గుటకనాథుడు దబ్బున పడిన చప్పుడయింది.

వాడు కుండల అడుగున మసి గోకి ఆకులకు రుద్ది, పైకి చదివాడు. ఒక్కో పేరుకి ఒక్కో తల లేచింది. ఒకాయన తన చేతులు చూసుకుని, ఇంత ముసలివాణ్ణెప్పుడయ్యానని ఏడ్చాడు. ఒడ్డున తాబేలు కూడా తలెత్తింది.

హేలావతి లేచి వాడి దగ్గరికి వచ్చింది.

"ఎవరబ్బాయివి నాయనా?"

"తెలీదమ్మా."

"మీ అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. పద, నీ ఊరు కనుక్కుందాం. నాకూ ఇంటి దగ్గర ఇద్దరు కొడుకులున్నారు."

వాడి మూటలో ఆకులున్నాయి కదా. అందరూ గుటకనాథుడి పడవెక్కి తిరిగొస్తుంటే, అవి చదువుకుని తనెవరి కొడుకో తెలుసుకున్నాడు. ఆమెకూ చదివి వినిపించాడు. ఆమె కనుబొమ్మ తడుముకుంది, చింతకాయ దగ్గర సిగ్గుపడింది. కొడుకు మాత్రం గుర్తుకు రాలేదు. "అబద్ధమనను. ఇన్ని సంగతులు కొడుక్కి తప్ప ఎవడికి తెలుస్తాయి? కానీ నాకు తెలియట్లేదురా" అని వాడి చెయ్యి పట్టుకుంది.

రాణిని తెచ్చిన పిల్లాణ్ణి రాజు సంతోషంగా దత్తత తీసుకున్నాడు, కన్నకొడుకునే. పండితులు వాడికి లబ్ధకేతుడని పేరు పెట్టారు. అంటే దొరికినవాడని. అన్నలు యుద్ధాలంటూ తిరిగి ఇంటిపట్టున ఉండకపోతే వాడే రాజయ్యాడు, చక్కని పిల్లను పెళ్ళాడి అరవై ఏళ్ళు ఏలాడు. అదంతా మామూలే. నేను చెప్పదలిచింది వాడు తిరిగొచ్చిన మొదటి వానాకాలం సంగతి.

రోజూ మధ్యాహ్నం రాణి వచ్చి కూర్చునేది, వాడు ఆకులు చదివేవాడు. ఎవరో పిల్లాడి కథ విన్నట్టు వినేది. ఒకరోజు కట్ట అయిపోయింది. బయట వాన పడుతోంది.

"తర్వాతేమైందిరా?" అంది.

"అంతేనమ్మా. జరిగింది అంతవరకే."

"అంతేనంటే ఎలా? ఆ పిల్లాడూ వాళ్ళమ్మా ఆ తర్వాతేం చేశారు?"

వాడు ఆమె మొహం చూశాడు. తనని ఎరగని మొహం. ఆ పిల్లాడికేమైందోనని ముందుకు వంగిన మొహం. ఇన్నాళ్ళూ వాడు పోతుందన్న భయంతోనే రాశాడు. ఇవాళ పోవడానికేమీ లేదు.

"రేపు చెప్తానమ్మా" అని లేచి, వాడు కొత్త ఆకు ఒళ్ళో పెట్టుకుని, ఎన్నడూ జరగనిదొకటి రాయడం మొదలుపెట్టాడు.