వాకిట్లో గంజి పొయ్యి

కరువు రోజుల్లో గంపలల్లే సింగమ్మ ఊరి చివర చూపులేని ముసలివాళ్లకు గంజి కాచి పోసేది. బియ్యం నిండుకోవడంతో రాజుగారి ధర్మనిధిని ఆశ్రయించింది.

"కళ్లారా చూడందే గింజైనా ఇవ్వను" అన్నాడు దానాధికారి విరూపాక్షయ్య.

"వచ్చి చూడండి బాబూ."

"నాకు తీరికేదీ?"

ఎన్నిసార్లు వెళ్లినా అదే మాట. సింగమ్మ పట్టు విడవలేదు. ఒక ఉదయం ముసలివాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చి, మిగిలిన నూకలతో అతని వాకిట్లోనే పొయ్యి వెలిగించింది.

"ఏమిటే ఇది?" అని అధికారి కేకలేశాడు.

"తమరికి తీరిక లేదన్నారుగా, మేమే వచ్చాం. తమరు చూసి బియ్యమిచ్చేదాకా రోజూ ఇక్కడే."

అంతలో అటుగా వచ్చిన రాజు గుర్రం దిగి, "భేష్ విరూపాక్షయ్యా! ఈ అన్నదానం నీదేనా?" అన్నాడు.

సింగమ్మ చేతులు జోడించింది. "పొయ్యి నాది, వాకిలి అయ్యగారిది ప్రభూ. రేపటి బియ్యం ఎవరివో ఆయనే చెప్పాలి."

రాజు అధికారివైపు తిరిగాడు.

"ధర్మనిధివే ప్రభూ!" అన్నాడు విరూపాక్షయ్య, చెమట తుడుచుకుంటూ.