ఫుమికో లాగిన తాడు

ప్రశ్న అడిగినవాడికి నోటితో జవాబు చెప్పే అలవాటు ఇవాకురా గురువుగారికి లేదు. లేచి నడుస్తారు. అడిగినవాడు వెంటపడి వెళ్ళాల్సిందే.

జపాన్ యుద్ధంలో ఓడిపోయి, కూలిన గోడల మధ్యే మళ్ళీ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. జపాన్ సరుకంటే పడమటి దేశాలవాళ్ళకి వెటకారం. గురువుగారు పని నేర్పుతున్న కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో ఓగినో కొత్తగా సూపర్‌వైజరయ్యాడు. చదువుకున్నవాడు, పౌరుషం గలవాడు.

"మన యంత్రాలు పాతవి, ఇనుము నాసిది. వాళ్ళని మించేదెలా గురువుగారూ?" అని అడిగాడు.

ఆయన లేచి షెడ్డులోకి నడిచారు. అక్కడ పనివాళ్ళ తలల మీదుగా ఒక తాడు ఉంది. తేడా కనిపిస్తే ఎవరైనా దాన్ని లాగి పని మొత్తం ఆపెయ్యవచ్చని గురువుగారే కట్టించారు. ఒక్కరూ లాగిన పాపాన పోలేదు. లాగితే పైవాళ్ళు మండిపడతారని భయం. ఓగినో మాత్రం తప్పుల్లేకే తాడు కదలట్లేదని, అదంతా తన గొప్పేనని అనుకునేవాడు.

సరిగ్గా ఆవేళే, సాయంత్రానికి సరుకు ఓడెక్కాల్సి ఉండగా, ఫుమికో అనే అమ్మాయి తాడు లాగింది. పని ఆగిపోయింది. ఓడ తప్పితే అమెరికా బేరం చేజారినట్టే. ఓగినో ఆ పిల్ల దగ్గరికి పరుగెత్తాడు.

"చక్రం చప్పుడు తేడాగా ఉందయ్యా," అంది ఫుమికో. తండ్రి యుద్ధంలో పోయాడు, ఇంటిల్లిపాదికీ ఆ పిల్ల జీతమే ఆధారం.

విప్పి చూశారు. ఏ తప్పూ లేదు. మళ్ళీ అన్నీ బిగించి పెట్టెలు సర్దేసరికి ఓడ కాస్తా వెళ్ళిపోయింది.

ఓగినోకి ఒళ్ళు మండిపోయింది. రేపట్నించి రావద్దని చెప్పబోతుంటే గురువుగారు అడ్డొచ్చి, అందరూ చూస్తుండగా ఆ పిల్లకి నడుం వంచి నమస్కరించారు.

"ఆపి మంచిపని చేశావమ్మా. అనుమానం వస్తే రేపూ ఆపు."

ఓగినోకి తల కొట్టేసినట్టయింది. ఓడ పోగొట్టిన పిల్లకి నమస్కారమా అని రాత్రంతా కుమిలిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తాడు మళ్ళీ కదిలింది. ఈసారి లాగినవాడు ఎన్నడూ నోరెత్తని ముసలి ఫిట్టరు. చేతిలో మిషను చక్రం, దాని మీద సన్నని బీట.

"ఇలాంటివి ఎన్నాళ్ళనించి వస్తున్నాయి?" అన్నాడు ఓగినో.

"మొదట్నించీ వస్తున్నాయయ్యా."

ఓగినో వెనక్కి తిరిగి గురువుగారి వంక చూశాడు.

"ఇన్నాళ్ళూ మన సరుకు ఒక్క ఓడా తప్పకుండా వెళ్ళింది నాయనా, ఈ బీటలతో సహా," అన్నారాయన.