అడిగిన గేదె, చెప్పిన నక్క

గోదావరి నడుమ లంకలో పచ్చిక దట్టంగా ఉంటుంది. అందుకని రేవు గట్టు మీది గేదెలు పొద్దున్నే ఏరు ఈది లంకకు వస్తాయి, పొద్దువాలే వేళకు ఈదుకుంటూ ఇంటికి పోతాయి. సత్తెమ్మ అనే ముసలి గేదె ముందు దిగుతుంది, మంద దాని వెనక దిగుతుంది. ఏళ్లుగా ఇదే వరస.

లంకలో రెల్లు దుబ్బుల మధ్య కాపురముండే జోగులు అనే నక్కకు ఈ వరస వింతగా ఉండేది. సత్తెమ్మవి పెద్ద కొమ్ములు కావు. గొంతూ గట్టిది కాదు. మరి అన్నీ దాని వెనకే ఎందుకు పోతాయి? ఆ కిటుకు తెలిస్తే మందను చెదరగొట్టొచ్చు. మంద చెదిరితే ఏదో ఒక దూడ లంకలో మిగులుతుంది. మిగిలిన దూడతో తన కడుపు నిండుతుంది.

ఒకరోజు సత్తెమ్మ రాలేదు. గిట్టకు పుండు పడి కొట్టంలోనే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నమే ఏటికి ఎర్రనీరు తగిలి వరద మొదలైంది.

పొద్దువాలే వేళకు జోగులు మెల్లగా దున్నపోతు గవర్రాజు పక్కకు చేరాడు.

"ఏం గవర్రాజు గారూ, ఇవాళ పెద్దరికం తమదేనటగా?"

"ఇంకెవరిదిలే! కానీ నీళ్లు తేడాగా ఉన్నాయి. దిగేముందు ముసలాళ్లను ఒక మాట అడిగితే..."

"అయ్యయ్యో! అడిగారో, పరువు పోయిందే. నాకేం తెలియదని మనమే దండోరా వేసుకోవడం కాదూ? పెద్ద అన్నవాడు ఒకర్ని అడగడు, వెనక్కి చూడడు. దూకేయడమే."

గవర్రాజు రేవుకెదురుగా దూకేశాడు. ఏరు అతణ్ణి గిరగిరా తిప్పి, దిగువనున్న ఇసుక తిన్నె మీద పడేసింది. వెనక దిగిన గేదెలు బెదిరి లంక ఒడ్డుకే మళ్లాయి. పోదామని కొన్ని, ఉందామని కొన్ని అరుచుకుంటూ తలో దిక్కూ పోయాయి. తల్లి కనబడక ఒక దూడ రెల్లు పక్కన వణుకుతూ నిలబడింది.

"ఏడవకు నాన్నా," అన్నాడు జోగులు దగ్గరికొచ్చి. "నీళ్లు తీసేదాకా ఈ మావయ్య ఇంట్లో ఉందువుగాని."

అప్పుడు మరిడి వచ్చింది. మందలో ఇంకా ఈనని పడుచు గేదె, పడ్డ. ఏడాదిగా సత్తెమ్మ తోక పట్టుకున్నట్టు తిరుగుతోంది. దిగేముందు సత్తెమ్మ ఒక్కో గేదె దగ్గరా ఆగి ఏదో మాట్లాడటం జోగులూ చూశాడు. ముసలిదాని సొద అనుకున్నాడు.

"నీకు దేనికి భయంరా?" అని దూడను అడిగింది మరిడి.

"నీళ్లు మొహానికి కొడుతున్నాయక్కా. అమ్మ కనబడట్లేదు."

తిన్నె మీంచి ఒగురుస్తూ తిరిగొచ్చిన గవర్రాజును అడిగింది. "మావా, ఏరు నిన్ను ఎక్కడ పట్టుకుంది?"

వెక్కిరిస్తోందేమోనని గవర్రాజు ఓరగా చూశాడు. మరిడి జవాబు కోసం ఆగింది.

"రేవుకెదురుగా సుడి ఉంది. అక్కడ దిగితే ఎవరి వల్లా కాదు," అన్నాడు.

జోగులుకు లోపల నవ్వొచ్చింది. ఏమీ తెలియని పిల్ల, కనబడ్డవాళ్లనల్లా అడుగుతోంది! ఇక మంద కదిలినట్టే. అంతలో మరిడి అతని వైపే తిరిగింది.

"జోగులు మావా, నువ్వు ఈ లంకలో పుట్టి పెరిగినవాడివి. నీకు తెలిసినట్టు ఏటి సంగతి మాకేం తెలుస్తుంది? నువ్వయితే ఎక్కడ దిగుతావు?"

జోగులును కర్రలతో తరిమినవాళ్లే గాని, సలహా అడిగినవాళ్లు పుట్టలేదు. ఛాతీ ఉబ్బింది.

"అలా అడుగమ్మాయ్! రేవుకెదురుగా దిగేవాడు వెర్రివాడు. ఎగువన లంక తల దగ్గరికి పోవాలి. అక్కణ్ణించి కొట్టుకొచ్చే కట్టెలన్నీ సుడికి అవతలగా పోయి మీ రేవుకే తగులుతాయి. నేను చూడని వరదా!"

అనేశాక నోరు మూసుకున్నాడు. అప్పటికే దూడ తల్లితో సహా మరిడి చుట్టూ చేరిన గేదెలన్నీ చెవులు రిక్కించి విన్నాయి.

"పదండి," అంది మరిడి. "గవర్రాజు మావా, నువ్వు ఎగువ పక్కన ఈదు. నీ ఒళ్లు నీటికి అడ్డం. దూడలు నీ చాటున వస్తాయి."

"నేనా? ఇందాకే కదే నా బతుకు చూశావు!"

"ఆ నీటి దెబ్బ తెలిసినవాడివి మాలో నువ్వొక్కడివే."

జోగులు పక్కనే పరుగెత్తాడు. "అమ్మాయ్, చెప్పడం మరిచాను, అక్కడ మొసళ్లు..."

"ఇందాక కట్టెలన్నావుగా మావా!" అని ఒక గేదె అనేసరికి మందంతా నవ్వింది.

లంక తల దగ్గర గేదెలు దిగాయి. ఏటి నడుమ దూడ తల ఒకసారి మునిగింది. జోగులు ఆశగా మెడ చాచాడు. గవర్రాజు ఇంకొంచెం దగ్గరికి జరిగాడు; నీటి ఉరవడి అతని డొక్కకు తగిలి చీలింది; దూడ తల పైకి లేచింది. కాసేపటికి అవతల రేవులో ఒక్కొక్కటే గట్టెక్కాయి. దూడ ఒళ్లు దులుపుకుని తల్లి పొదుగులో దూరింది.

జోగులు ఖాళీ కడుపుతో ఇవతలి ఒడ్డున కూలబడ్డాడు. ఇన్నాళ్లూ కొమ్ముల్లో, గొంతులో వెతికిన కిటుకు ఎదురుగా వచ్చి నిలబడి దారి అడిగింది. తనే చూపించి పంపించాడు.

తెలియనిది అడిగి, తెలిసినవారికి పని అప్పగించేవారి వెనకే మంద నడుస్తుంది.