రాజుగారి అతుకులేని అలమర

ఒకానొక రాజ్యంలో రాజుగారి చేతికి ఉలి దొరికింది. ఇక చూడండి తమాషా!

ప్రచండవర్మ మహారాజు కొలువు పక్కనపెట్టి, రాణిగారి బొమ్మల కోసం స్వయంగా టేకు అలమర చెయ్యడానికి పూనుకున్నాడు. తీరా బిగించాక చూస్తే అరల సందుల్లో వేలు దూరుతోంది. ఆస్థాన విదూషకుడు కూచిభట్టు నవ్వు ఆపుకోలేక, "బొమ్మలకు గాలి బాగా ఆడుతుంది ప్రభూ!" అనేశాడు.

రాజుకు ఒళ్లు మండింది. గది తలుపులు మూసుకుని ఏం చేశాడో ఏమో, కొన్నాళ్లకు అలమరను సభలోకి మోయించాడు. ఆహా! సందు లేదు, అతుకు లేదు. ఒకే మానులో తొలిచినట్టుంది. పైన ఎర్రరంగు నిగనిగలాడుతోంది.

"ఏమోయ్ కూచిభట్టూ! పొద్దుగూకేలోగా ఒక్క అతుకు చూపించు. గీకకూడదు, తట్టకూడదు, అసలు వేలే పెట్టకూడదు. చూపలేకపోయావా, మూటాముల్లె సర్దుకుని రాజ్యం దాటు!"

కూచిభట్టు గుండె జారిపోయింది. ఈ వయసులో పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఏ ఊరు పట్టి పోతాడు? అలమర చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు. ఊహూఁ! దిగులుతో ఇంకాస్త దగ్గరగా వంగేసరికి కమ్మటి వాసన తగిలింది. బెల్లంపాకం!

ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. ఈమధ్య కోటలో పరమాన్నమే లేదు. బెల్లమంతా రాజుగారు పట్టుకెళ్లారని వంటవాడు గొణగడం తను విన్నాడు. కోటగోడ కట్టేవాళ్లు సున్నంలో బెల్లం నీళ్లు కలిపి గచ్చు నూరుతుంటే రాజుగారు కళ్లార్పకుండా చూడటమూ చూశాడు. కోటను పట్టి ఉంచేది అలమరను పట్టి ఉంచదా అనుకుని, రంపపు పొట్టులో పాకం కలిపి సందుల్లో కూరాడన్నమాట మహానుభావుడు!

"ప్రభూ, నా చూపు మసక. సాక్షుల్ని పిలుచుకోవచ్చా?"

"ఎంతమందినైనా పిలుచుకో!"

"అయితే అలమరను తోటలో మామిడిచెట్టు కింద పెట్టించండి."

సభంతా తోటకు కదిలింది. పొద్దు వాలుతోంది. రాజు మీసం దువ్వుతున్నాడు. కూచిభట్టు మాత్రం చెట్టు మొదలువైపే చూస్తూ, "రండి తల్లీ, రండి!" అని లోలోపల మొక్కుకుంటున్నాడు.

వచ్చింది ఒక చీమ. దాని వెనక ఇంకోటి. ఆ వెనక బారులు బారులు! పలకకూ పలకకూ మధ్య, అర అంచు వెంట, గీత గీసినట్టు నల్లగా నిలిచాయి.

"అదిగో ప్రభూ అతుకు! అదిగో ఇంకోటి! ఆ మూల చూడండి, ఎంత సందో!" కూచిభట్టు గంతులేశాడు. "నేను వేలు పెట్టలేదు. చూపించింది మీ రాజ్యంలోని ప్రాణులే!"

రాజు ముఖం కందగడ్డ అయింది. చీమల్ని దులపబోయి, చురుక్కుమని కుట్టించుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ వెంటనే పకపకా నవ్వేశాడు.

"ఓరి నీ బుర్ర బంగారం కానూ! మరి అతుకులు దాచే దారే లేదా?"

"ఎందుకు లేదు ప్రభూ? వాటి ముందు బొమ్మలు పెట్టడమే!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు. "ఇంకేం కావాలో కోరుకో!"

"మిగిలిన బెల్లాన్ని వంటశాలకు తిరిగి ఇప్పించండి ప్రభూ!"

ఆ పూట రాజు కూచిభట్టును పక్కనే కూర్చోబెట్టుకుని కడుపునిండా పరమాన్నం పెట్టించాడు. తోటలో చీమలు మాత్రం ఇంకా అలమర దగ్గరే విందు చేసుకుంటున్నాయి.