అడుగున మడత తప్పిన గొంగడి

మా పశువైద్య కళాశాలలో వామనాచారి సార్‌ని ప్రశ్న అడగడమంటే కోరి కష్టం తెచ్చుకోవడమే. ఆయన జవాబు చెప్పరు, జీపెక్కమంటారు. ఆ రోజు నా తోటి విద్యార్థిని సుమేధ అడగనే అడిగింది: "సార్, గొర్రెల మెదడును పాడుచేసే ఈ ప్రయాన్ రోగానికి క్రిమి లేదు, అందులో ప్రాణమే లేదు. మరి ఒక గొర్రె నుంచి ఇంకో గొర్రెకు ఎలా అంటుకుంటుంది?" అడిగింది ఆమె, వెనక సీట్లో ఇరుక్కున్నది నేను.

జీపు కురుమ బీరవ్వ ఇంటి ముందు ఆగింది. నెల కిందట ఆమె గొర్రె ఒకటి గుంజకు ఒళ్లు రాసుకుని రాసుకుని, ఉన్ని అంతా ఊడి, కాళ్లు వణికి చచ్చిపోయింది. మెదడు పరీక్షలో ఆ రోగమేనని తేలింది. మిగిలిన అరవై రెండింటినీ చంపేస్తారేమోనని బీరవ్వకు అప్పటి నుంచి ముద్ద దిగడం లేదు.

లోపల గొంగళ్ల దొంతర ఒకటి పక్కకు ఒరిగి ఉంది. సార్ అడుగుది చూపించారు. అది మడత తప్పింది. దాని మీద పెట్టినవన్నీ ఆ వంకరకే ఒదిగాయి. "ఉన్ని మంచిదే కదమ్మా. ఒంట్లో ప్రోటీనూ అంతే. మడత తప్పినది పక్కన చేరితే బాగున్నదీ దాని తీరుకే తిరుగుతుంది. అలా మెదడంతా పాడవడానికి ఏళ్లు పడుతుంది" అన్నారు. తర్వాత బీరవ్వ వైపు తిరిగి, "చచ్చిన ఆ గొర్రె ఈనినప్పుడు పిల్ల వెనక పడ్డ మావిని ఏం చేశావు?" అని అడిగారు.

బీరవ్వ ముఖం పాలిపోయింది. మూడేళ్ల కింద ఆ గొర్రెకు పిల్ల చచ్చి పుట్టిందట. అదే పొద్దు ఇంకో పిల్లకు తల్లి చచ్చిపోయింది. పరాయి పిల్లను గొర్రె దగ్గరికి రానీయదు. అందుకని అత్త నేర్పినట్టే ఈ గొర్రె మావిని ఆ పిల్ల ఒళ్లంతా పూసింది. తన పిల్లే అనుకుని గొర్రె నాకి, పాలిచ్చింది.

"గా పిల్లే సారూ ఇది" అంటూ దొడ్లో ఒక గొర్రెను చూపించింది. అది గుంజకు ఒళ్లు రాసుకుంటోంది. "నా చేతులతోనే దానికి రోగం పూసిన్నా?" అని ఏడ్చేసింది.

సార్ ఓదార్చనైనా లేదు. నాకు ఒళ్లు మండింది. "ఆ రోగం మావిలోనే ఎక్కువగా బయటికొస్తుంది. ఇక ఎప్పుడూ పూయకు, తగలబెట్టు. దొడ్డి కూడా ఇంకో చోటికి మార్చు" అని, ఆ గొర్రె చర్మం గీకి, మందంతటికీ రక్తం తీయించారు. తీసింది మేమే, నడుములు పడిపోయాయి.

రెండు వారాలకు మళ్లీ వెళ్లాం. ఈసారి సార్ జీపు దిగకముందే చెప్పేశారు. "దానిది ఉత్త గజ్జి బీరవ్వా, మందేస్తే పోతుంది. రక్త పరీక్షలో తేలింది, పుట్టుకతోనే అది ఆ రోగానికి లొంగని రకం. మందలో లొంగేవి ఏడే. వాటిని మేం తీసుకెళ్తాం."

బీరవ్వ ఆ గొర్రె మెడ పట్టుకుని కూలబడింది. కాసేపటికి, "ఏడు పోతే పాయె సారూ, యాభై అయిదు నిలబడ్డయి" అని లేచి మాకు అన్నం పెట్టింది, తనూ తిన్నది. నాకూ ప్రాణం కుదుటపడింది.

తిరుగు దారిలో సుమేధ ఉండబట్టలేక, "మావి ఒళ్లంతా పూసినా దానికి రోగం అంటలేదే సార్" అంది.

"నువ్వు ఇచ్చేవాళ్ల గురించే అడిగావమ్మా" అన్నారు సార్. "పుచ్చుకునేవాళ్ల సంగతి అడగలేదు."