జానమ్మ చురుకు, బారమ్మ నిదానం

ఒకప్పుడు పూసల గొలుసులు పొట్టివైనా పొడుగువైనా ఒకే క్షణంలో చుట్టుకునేవి, ఒకే క్షణంలో విడిపోయేవి. మెడలో వేసుకునే పూసలు కావర్రా! కంటికి ఆననంత చిన్నవి, ప్రతి ప్రాణి ఒంట్లోనూ ఉండేవి. చదువుకున్నవాళ్లు వాటిని పెప్టైడ్లు అంటారు. మనం గొలుసులనే అందాం.

ఒక నీటిబొట్టులో అలాంటి అక్కచెల్లెళ్లు ఇద్దరుండేవాళ్లు. అక్క బారమ్మకు ముప్పై పూసలు. చెల్లెలు జానమ్మకు పదే. వాళ్లమ్మ నీళ్లమ్మ ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని ఒక్క తిప్పు తిప్పేది. అంతే, ఇద్దరూ స్ప్రింగుల్లా చుట్టుకుని పక్కపక్కనే గిరగిరా ఆడుకునేవాళ్లు.

“నా బంగారు తల్లులు!” అని మురిసిపోయేది నీళ్లమ్మ.

ఇద్దరినీ కలిపి మెచ్చుకోవడమే బారమ్మకు గిట్టేది కాదు. “నాకు ముప్పై, దానికి పది. ఇద్దరికీ ఒకటే మెప్పా?” అని కళ్లలో నిప్పులు పోసుకునేది. చెల్లెలు నవ్వినా కుళ్లే, ఊరుకున్నా కుళ్లే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. “అమ్మా, ఇక నువ్వు తిప్పొద్దు. ఎవరికి వాళ్లమే చుట్టుకుంటాం. ముందు చుట్టుకున్నదాన్నే మెచ్చుకో.”

“ఒకసారి చెయ్యి వదిలితే మళ్లీ పట్టుకోలేనే. బాగా ఆలోచించుకో.”

“వదిలెయ్యమ్మా! ఇన్ని పూసలున్నదాన్ని, గెలవనా?”

నీళ్లమ్మ నిట్టూర్చి వదిలేసింది. పద్ధతి మాత్రం చెప్పింది. ప్రతి పూసా తన తర్వాతి నాలుగో పూస చెయ్యి అందుకోవాలి. మొదటి చుట్టు పడడమే కష్టం. అది పడిందంటే మిగతా పూసలు చకచకా అందుకుంటాయి.

జానమ్మ అటూ ఇటూ ఊగి, తంటాలు పడి ఒక చుట్టు వేసింది. ఇక మిగిలినవెన్ని పూసలని! “అమ్మా, అయిపోయింది!” అని అరిచింది. బారమ్మ ఇంకా సగం కూడా చుట్టుకోలేదు. ఒక చోట చెయ్యి అందితే ఇంకో చోట జారిపోతోంది.

“నా బంగారు తల్లి!” అంది నీళ్లమ్మ, జానమ్మను చూసి. బారమ్మ అటు చూడకుండా ఇంకో పూస చెయ్యి అందుకుంది.

అంతలో నీళ్లమ్మ తమ్ముడు సెగమామ వచ్చాడు. కనబడ్డవాళ్లనల్లా పట్టి కుదపడం ఆయన అలవాటు. “ఏం కోడళ్లూ, బాగున్నారా?” అంటూ కుదిపేశాడు.

చివర ఉన్న పూసలకు అవతలి పక్క పట్టుకునేవాళ్లుండరు. అందుకని ముందు అవే జారతాయి. జానమ్మకు చివరలే తప్ప నడుమెక్కడుంది? క్షణంలో ఊడిపోయింది.

“అమ్మా, పట్టుకోవే!”

“చెయ్యి వదిలేశాను కదే తల్లీ,” అంది నీళ్లమ్మ.

ఆలోగా బారమ్మ చుట్టుకోవడం పూర్తయింది. మామ ఎంత కుదిపినా చివరలు కాస్త వదులయ్యాయి గానీ నడుము కదల్లేదు. “నా బంగారు తల్లి!” అంది అమ్మ. ఈసారి అచ్చంగా బారమ్మనే.

కోరుకున్న మాట దక్కింది. చెల్లెలు కుళ్లుకుంటోందేమో చూద్దామని సంబరంగా పక్కకు తిరిగింది. నిజమే, జానమ్మ కుళ్లుకుంటోంది. కానీ విడిపోయి పడి ఉంది, ఆడుకోవడానికి తోడు లేదు.

“లేవే జానీ, ఆడుకుందాం.”

జానమ్మ గబుక్కున చుట్టుకుంది. ఒక్క తిరుగుడు తిరిగిందో లేదో మళ్లీ విడిపోయింది.

“ఉండవే కాసేపు!”

“ఉండలేకపోతున్నానక్కా. నీకేం, ఎంతసేపైనా నిలబడతావు.”

“నీకేం, చిటికెలో చుట్టుకుంటావు,” అంది బారమ్మ. ఆ అసూయలో ఇప్పుడు ఏడుపు కూడా కలిసింది.

అప్పటినుంచే పొట్టి గొలుసు గబుక్కున చుట్టుకుని గబుక్కున విడిపోతుంది. పొడుగు గొలుసు నిదానంగా చుట్టుకుని నిదానంగా విడిపోతుంది. ఏది విడిపోయినా ముందు చివరలే జారతాయి. మనం ఒక్కసారి రెప్ప వేసేలోగా ఇదంతా వేలసార్లు జరుగుతుంది. అన్నిసార్లలోనూ అక్కచెల్లెళ్లు కలిసి మొదలుపెట్టి కలిసి ముగించిన ఆట ఒక్కటీ లేదు.