ఎవరికీ కనపడని ఊరేగింపు

రాజుకు తప్ప ఎవరికీ తొందర లేని ఒకానొక రాజ్యాన్ని చండధ్వజుడు ఏలుతుండేవాడు. రాజధానిలోని నేతవీధికి తాతలనాటి కట్టడి ఒకటుంది. అక్కడివాళ్లు పొద్దున్నే వీధి పొడవునా పడుగు సాచి, ఆ దారాలకు గంజి పెట్టుకుంటారు. అందుకని ఎంతటివాడి బండి అయినా ఆ వీధిలో నడకమీదే పోవాలి.

ఇంతలో రాజుగారికి కొత్త రథం వచ్చింది. ఇక పాత కట్టడి ఎందుకు నచ్చుతుంది?

"మా గుర్రాలు నత్తల్లా పాకాలా? ఆ కట్టడి రద్దు. దండోరా వేయించండి" అన్నాడు.

సంగతి తెలిసి మార్కండమ్మ అనే నేతగత్తె ఆస్థాన విదూషకుడు బొప్పన ఇంటికి పరుగున వచ్చింది.

"అయ్యా, నా మనవరాలు ఇప్పుడిప్పుడే పాకుతోంది. పడుగు కిందే దాని ఆటంతా. దారం తెగితే ముడేసుకుంటాను. పిల్లకేమన్నా అయితే ఏం చెయ్యను?"

బొప్పన నేరుగా రాజు దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, దండోరాకు ముందు కొత్త తలపాగాతో ఒక్కసారి ఆ వీధిలో రథం తోలించండి. చూసినవాళ్లు తమరి వైభవాన్ని సభలో వర్ణిస్తారు."

రాజు సరేనన్నాడు. బొప్పన ముందే పడుగులు తీయించి, పిల్లల్ని ఇళ్లలో పెట్టించి, పెద్దల్ని అరుగుల మీద నిలబెట్టాడు. "చూసింది చూసినట్టు చెప్పండి, చాలు" అన్నాడు వాళ్లతో. మర్నాడు పొద్దున రథం రివ్వున పోయింది.

మధ్యాహ్నం సభలో రాజు మీసం దువ్వుతూ, "మేమెలా ఉన్నాం?" అని అడిగాడు.

వీధిపెద్ద అంకయ్య తెల్లబోయాడు. "ప్రభువులు ఎప్పుడొచ్చారండీ?"

"పొద్దున్నేనయ్యా."

"పొద్దున దుమ్ము లేచిందండి. అందులో ఏదో పోయింది. తాడు తెంచుకున్న ఎద్దనుకున్నాం."

"ఎద్దు కాదు మావా, సుడిగాలి. తలుపులు కొట్టుకోలా?" అంది మార్కండమ్మ.

రాజుకు తల తిరిగింది. సారథిని పిలిచి, "ఒరే, రథంలో ఉన్నది మేమే కదా?" అన్నాడు.

"ఎక్కినప్పుడైతే తమరే ప్రభూ. తర్వాత వెనక్కి చూస్తే ఒట్టు."

రాజు తలపాగా తడుముకుని, "బొప్పనా, మేం వెళ్లినట్టా, వెళ్లనట్టా?" అన్నాడు దీనంగా.

"నాకూ అంతుపట్టడం లేదు ప్రభూ. రేపు నడకమీద వెళ్లి చూద్దాం."

మర్నాడు వీధిలో పడుగులు సాచారు. రాజు, బొప్పన ఎక్కిన రథం వాటి పక్కగా మెల్లగా సాగింది. జనం దండాలు పెట్టి, తలపాగా మొదలు కాలి కడియం దాకా మెచ్చుకున్నారు. రాజు ఉబ్బిపోతుండగా పడుగు కిందనుంచి ఒక పసిపిల్ల పాక్కుంటూ గుర్రాల ముందుకొచ్చింది.

సారథి కళ్లెం పట్టాడు. గుర్రాలు ఆగాయి. పిల్ల గుర్రం డెక్కను తడిమి, రాజును చూసి నవ్వింది. మార్కండమ్మ వచ్చి మనవరాలిని ఎత్తుకుంది.

రాజు ముఖం పాలిపోయింది. "బొప్పనా, నిన్న ఈ పిల్ల ఎక్కడుంది?"

"తలుపు వేసిన ఇంట్లో ప్రభూ. రోజూ నేనొచ్చి తలుపులు వేయించలేను కదా."

రాజు తన ముత్యాలహారం తీసి బొప్పన మెడలో వేశాడు. "కట్టడి ఉంటుంది. మాకూ వర్తిస్తుంది. ఈ మాటే దండోరా వేయించు" అన్నాడు.

రథం కదిలింది. వీధి చివరిదాకా వచ్చాక రాజు బొప్పన వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకీ నిన్న పోయింది మేమేనా?"

"ఆ ఎద్దు దొరికితే అడిగి చెబుతాను ప్రభూ."

రాజు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మాత్రం వీధిలో అందరికీ వినిపించింది.